ఆ గిన్నెలో బంగారు కరగదన్నాడు మా నాయన

సంక్రాంతి సెలవులకు మా అన్న కొడుకు ప్రొద్దుటూరు వచ్చాడు. వాడిప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నాడు. నేను పక్కనే జవాబుపత్రాలు దిద్దుకుంటున్నాను. మా నాయన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోయాడనే అనుకున్నాను. ఎప్పుడు ఇటు తిరిగాడో తెలీదు, ఉన్నట్టుండి లేచి కూర్చుని "ఆపు రా, ఆపు. మళ్ళా ఒకసారి చూపీ" అన్నాడు.

పొయ్యి మీద గిన్నెలో బంగారం కరిగించే సీను అది. మూడుసార్లు చూశాడు. మూడోసారి కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఆ మంటకు బంగారు కరగదు" అన్నాడు.

మా నాయన యాభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్న మనిషి. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే ఇళ్ళకు కొదవ లేదు కానీ, కరిగించే పని వచ్చినప్పుడు మా వీధిలో చాలామంది ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆ రాత్రి మొదలైన చర్చ పండగ మూడు రోజులూ సాగింది. అందులో తేలిన సంగతులు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

చూడనివాళ్ళకు ముందు ఆ సీను చెప్పాలి. 2011లో వచ్చిన మొదటి సీజన్, ఆరో ఎపిసోడ్. విసెరిస్ అనే రాజ్యం పోగొట్టుకున్న యువరాజు, తన చెల్లెలు డెనేరిస్‌ని ఖాల్ డ్రోగో అనే గుర్రపు దండు నాయకుడికి ఇచ్చి పెళ్ళి చేస్తాడు. బదులుగా తనకు కిరీటం దక్కాలని అతని ఆశ. ఆ దండు వాళ్ళ పవిత్ర నగరంలో రక్తం చిందకూడదని కట్టుబాటు. విసెరిస్ తాగి వచ్చి అక్కడే కత్తి దూసి చెల్లెల్ని బెదిరిస్తాడు. డ్రోగో కిరీటం ఇస్తానంటాడు. తన నడుముకున్న బంగారు బిళ్ళల పట్టీ తీసి, పొయ్యి మీదున్న వంట గిన్నె ఖాళీ చేసి అందులో పడేస్తాడు. కాసేపట్లోనే అది కరిగిపోతుంది. దాన్ని ఆ యువరాజు తల మీద పోస్తాడు. అతను అరుస్తూ కింద పడి కొన్ని సెకన్లలో చచ్చిపోతాడు. తల నేలకు తగిలినప్పుడు లోహం చప్పుడు వినిపిస్తుంది. రక్తం మాత్రం చిందదు.

మా నాయన అభ్యంతరం ఆ చావు మీద కాదు, గిన్నె మీద.

బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నగల బంగారంలో రాగి, వెండి కలిసి ఉంటాయి కాబట్టి ఆ అంకె కొంత తగ్గుతుంది. 22 క్యారెట్లదైతే ఎంత తగ్గినా తొమ్మిది వందల పైనే. మా నాయనకు ఈ అంకెలు అక్కర్లేదు, ఆయన లెక్క రంగుల్లో ఉంటుంది. కుంపటిలో బొగ్గులు రాజుకున్న కొత్తలో మసక ఎరుపు. ఊదుగొట్టంతో ఊదుతుంటే దానిమ్మ పువ్వు రంగుకు వస్తాయి. ఇంకా ఊదితే తంగేడు పువ్వు రంగు. మూస, అంటే బంగారం వేసి కరిగించే చిన్న మట్టి గిన్నె, కూడా ఆ తంగేడు రంగుకు వచ్చి, లోపల వేసిన వెలిగారం (బోరాక్స్) గాజులా పరుచుకున్నాకే బంగారం కదులుతుందని ఆయన చెప్పాడు. మసక ఎరుపంటే సుమారు 600, 700 డిగ్రీలు, నారింజ రంగంటే 950 ఆ పైన, పసుపుకు తిరిగితే 1100. ఫిజిక్స్ పుస్తకంలో పట్టికకూ ఆయన పూలకూ పెద్ద తేడా లేదు.

"ఆ గిన్నె నల్లగానే ఉండాది సూడు. గిన్నె నల్లగా ఉంటే లోపల బంగారు ఎట్ల కరుగుతాది?"

ఇదే అసలు ప్రశ్న. గిన్నె లోపల ఉన్న వస్తువు గిన్నె కంటే వేడిగా ఉండడానికి వీల్లేదు, వేడి వచ్చేదే గిన్నె గోడలోంచి కదా. లోపలి బంగారం కరిగిందంటే గిన్నె కూడా కనీసం నారింజ రంగులో వెలుగుతూ ఉండాలి.

మావాడు ఒప్పుకోలేదు. కట్టెల మంట కూడా వెయ్యి డిగ్రీలు దాటుతుందని ఎక్కడో చదివానన్నాడు. వాడు చదివిందీ నిజమే. మంట నాలుకలో కొన్నిచోట్ల ఆ వేడి ఉంటుంది. అందుకని మరునాడు సాయంత్రం పెరట్లో స్నానాలకు నీళ్ళు కాచే పొయ్యి వెలిగించాం. తుమ్మ కట్టెలు. మీద పాత ఇనుప బాండలి. బంగారంతో ప్రయోగం చేసే స్తోమత మాకు లేదు కాబట్టి నాయన దాచుకున్న మేలిమి వెండి ముక్క, 11 గ్రాములది, తీసి ఇచ్చాడు. వెండి 962 డిగ్రీలకే కరుగుతుంది. అంటే బంగారం కంటే మనం వంద డిగ్రీలు ముందున్నట్టు. ముందు పరీక్షగా సోల్డర్ తీగ ముక్క ఒకటి బాండలిలో వేస్తే చూస్తుండగానే నీరై పాకింది. దాన్ని తుడిచేసి వెండి పెట్టాం.

నలభై నిమిషాలు మండించాం. చీకటి పడ్డాక చూస్తే మంట తగిలేచోట బాండలి అడుగు మసక ఎరుపులో ఉంది. వెండి ముక్క అంచు కూడా మెత్తబడలేదు.

ఎందుకో రాత్రి కూర్చుని మావాడికి లెక్క వేసి చూపించాను. వస్తువు వేడెక్కేకొద్దీ తనే వేడిని బయటికి వెదజల్లుతుంది. ఆ వెదజల్లే వేగం పరమ ఉష్ణోగ్రత (మామూలు డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతంతో పెరుగుతుంది. బాండలి 600 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటుందో, 1064 డిగ్రీల్లో దానికి ఐదున్నర రెట్లు పోగొట్టుకుంటుంది. అంటే మంట కూడా అన్ని రెట్లు వేడి ఇవ్వాలి. పైగా తెరిచిన పొయ్యిలో చల్లగాలి అన్నివైపుల నుంచీ వచ్చి కలుస్తూనే ఉంటుంది. మంటలో అక్కడక్కడా వెయ్యి డిగ్రీలు ఉండడం వేరు, బాండలి మొత్తం వెయ్యి డిగ్రీల్లో నిలబడడం వేరు. కుంపటిలో మూసను బొగ్గుల్లో పాతిపెడతారు. మూస వెదజల్లిన వేడిని చుట్టూ ఉన్న ఎర్రటి బొగ్గులు మళ్ళీ దానిమీదికే పంపుతాయి. ఊదినప్పుడు గాలి సరిగ్గా కావాల్సిన చోటే బొగ్గును మండిస్తుంది. మా నాయన ఒళ్ళో పెట్టుకున్నంత చిన్న కుంపటి, పెరట్లో అంత పెద్ద పొయ్యి చేయలేని పని చేసేది ఇందుకే.

ఇక్కడ ఒక సంగతి నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. రెండు కిలోల బంగారాన్ని మామూలు గది వేడి నుంచి కరిగేదాకా తీసుకుపోవడానికి కావాల్సిన మొత్తం వేడి సుమారు 400 కిలోజౌళ్ళు. లీటరుంబావు నీళ్ళు మరగబెట్టడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. రోజూ పొద్దున టీకి నీళ్ళు పెట్టే పనికి కొంచెం ఎక్కువ, అంతే. బంగారానికి వేడి దాచుకునే గుణం బాగా తక్కువ. కాబట్టి డ్రోగో పొయ్యిలో వేడి చాలకపోవడం సమస్య కాదు. ఎంత వేడి ఇచ్చినా అది 1064 మెట్టు ఎక్కలేదు. నేను ఏళ్ళ తరబడి వేడికీ ఉష్ణోగ్రతకూ తేడా చెప్పడానికి బకెట్టూ చెంబూ ఉదాహరణ వాడుతున్నాను. ఈ ఏడాది నుంచి ఈ వెండి ముక్క కథ చెప్తాను.

ఇంకో తిరకాసు తూకంలో ఉంది. "ఆ పట్టీ ఎన్ని తులాలుంటాది?" అని నాయన అడిగేదాకా నాకు తట్టలేదు. రెండు కిలోలనే అనుకుందాం, నడుముకు కట్టుకుని తిరిగే వస్తువుకు అది బాగానే బరువు. కరిగిన బంగారం నీళ్ళ కంటే 17 రెట్లకు పైగా బరువు. రెండు కిలోలు కరిగితే వచ్చేది 116 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే టీ గ్లాసు నిండుతుంది. తెర మీద గిన్నెలోంచి ధారగా పడేది అంతకంటే బాగా ఎక్కువ. అర లీటరు పోయాలంటే ఎనిమిదిన్నర కిలోలు ఉండాలి. ఎనిమిదిన్నర కిలోల పట్టీ నడుముకు కట్టుకుని గుర్రం ఎక్కడం డ్రోగో లాంటి మనిషికి కుదురుతుందేమో కానీ, అప్పుడు కరిగించడానికి పట్టే సమయం ఇంకా పెరుగుతుంది.

మావాడు చివరి ప్రయత్నంగా అది బంగారం కాకుండా ఇంకేదైనా మిశ్రమం అయ్యుండొచ్చు కదా అన్నాడు. మంచి ప్రశ్నే. నూటికి 80 పాళ్ళు బంగారం, 20 పాళ్ళు తగరం కలిపితే 280 డిగ్రీలకే కరుగుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో దాన్ని టంకంగా వాడతారు. మన పెరటి పొయ్యి మీద అది హాయిగా కరుగుతుంది. కానీ పెళుసు లోహం, గుర్రం మీద ఎగిరెగిరి పడే మనిషి నడుము పట్టీగా నాలుగు రోజులు నిలవదు.

కాబట్టి గిన్నె సంగతి తేలిపోయింది. మంచి బొగ్గు, మట్టి మూస, తిత్తి పట్టి ఊదే మనిషి ఉంటే తప్ప ఆ పని కాదు. అవన్నీ ఉన్నాయనుకుని చావు సంగతికి వద్దాం. ఇది రాయడం నాకు అంత తేలిక కాదు, ఎందుకో కిందే చెప్తాను.

మరిగే నీళ్ళు ఒంటి మీద పడి మన ఒంటి వేడికి చల్లారేలోగా, గ్రాముకు సుమారు 260 జౌళ్ళ వేడి వదులుతాయి. కరిగిన బంగారం గడ్డకట్టి అదే వేడికి చల్లారేలోగా వదిలేది గ్రాముకు 200 జౌళ్ళే. గ్రాముకు గ్రాము చూస్తే మరిగే నీళ్ళే ఎక్కువ వేడి మోస్తాయి! కానీ గ్లాసుకు గ్లాసు చూడండి. బరువు వల్ల బంగారం గ్లాసు, నీళ్ళ గ్లాసు కంటే పదమూడు రెట్లు ఎక్కువ వేడి మోస్తుంది. అదీ వెయ్యి డిగ్రీల నుంచి మొదలుపెట్టి. చర్మం కాలడానికి 60 డిగ్రీల నీళ్ళయితే ఐదు సెకన్లు, 70 డిగ్రీలయితే సెకను చాలు. నీళ్ళు పడ్డాక జారిపోతాయి. బంగారం జారదు. పడినచోటే గడ్డకట్టి అతుక్కుని, మోసుకొచ్చిన వేడంతా అక్కడే దించుతుంది.

ఇది నాకు పుస్తకంలోంచి తెలిసింది కాదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక వానాకాలం, నాయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కడ్డీ పోసే అచ్చును సరిగా కాచకుండా తెచ్చి పెట్టాడు. చూడ్డానికి పొడిగానే ఉంది. లోపల చెమ్మ ఉంది. నాయన మూస వంచి పోయగానే టప్‌మని పేలి బంగారం చిందింది. కందిగింజంత చుక్క ఒకటి ఆయన పాదం మీద పడింది. ఆయన కాలు విదిలించినా అది ఊడలేదు. పటకారుతో పీకాల్సి వచ్చింది. ఆ పీకిన చుక్కను కడిగి త్రాసులో వేశాడు, అది వేరేవాళ్ళ సొత్తు కాబట్టి. ఆ తర్వాతే అమ్మ తెచ్చిన నీళ్ళలో కాలు పెట్టాడు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది. కందిగింజంత చుక్కకు అంత గుంట. ఆ సీనులో టీ గ్లాసెడు తల మీద పోస్తున్నప్పుడు నేను తెర వైపు చూడలేకపోయాను.

అచ్చులోని చెమ్మ ఎందుకు పేలింది? నీళ్ళు ఆవిరైతే 1,700 రెట్లు ఉబ్బుతాయి. కరిగిన లోహం కింద చిక్కుకున్న ఒక్క చుక్క నీరు, ఉన్నట్టుండి గ్లాసెడు ఆవిరి అయితే అది దారి చేసుకుని బయటికి రావాలి. పైనున్న లోహాన్ని చిమ్ముకుంటూ వస్తుంది. మన ఒళ్ళు కూడా తడి అచ్చే. చర్మంలో సగానికి పైగా నీరే. ఒక గ్లాసు బంగారం తెచ్చే వేడి, తల మీది చర్మంలోని నీటినంతా ఆవిరి చేయడానికి దాదాపు సరిపోతుంది. అంత ఆవిరి నిశ్శబ్దంగా పోదు. బంగారం చిటచిటమంటూ తుళ్ళాలి. పోస్తున్నవాడి చేతులూ మొహమూ కూడా కాలాలి. ఆ సీనులో నాకు కనిపించిన పెద్ద లోటు ఇది. గిన్నె సంగతి కంటే పెద్దది.

పెనం బాగా కాలాక నీళ్ళు చిలకరిస్తే చుక్కలు ముత్యాల్లా పరుగెత్తుతాయి కదా, చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి పెనానికి తగలనివ్వదు. 1756లో దీన్ని వివరించిన జర్మన్ వైద్యుడి పేరు మీద లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు. తడి చేతిని కరిగిన సీసంలో ముంచి తీసే గారడీ దీని పుణ్యమే. ఆ యువరాజుకు ఇది కాపాడుతుందా అని మావాడు అడిగాడు. కాపాడదు. ఆ పొర రెప్పపాటు ఉంటుంది. చేయి ముంచి తీసినవాడికి రెప్పపాటు చాలు. తల మీద పోసిన లోహం అక్కడే కూర్చుంటుంది.

మరి చావు అంత త్వరగా వస్తుందా? పుర్రె ఎముక మందం సుమారు 6, 7 మిల్లీమీటర్లు. ఎముక వేడిని మెల్లగా పోనిస్తుంది. నేను వేసిన లెక్కలో బయటి వేడి ఎముక దాటి మెదడును చేరడానికి నిమిషం నుంచి రెండు నిమిషాలు పడుతుంది. మొహం మీదికి కారితే ఊపిరి దారి కాలి వాచిపోతుంది, దానికీ కొన్ని నిమిషాలు కావాలి. ఆ మనిషి బతకడన్నది ఖాయం. కానీ కొన్ని సెకన్లలో పోతాడన్నది నాకు నమ్మశక్యంగా లేదు. నిజంగా జరిగితే తెర మీద చూపించినదాని కంటే ఎక్కువసేపు పడుతుంది. తీసినవాళ్ళు మనల్ని అక్కడ కొంచెం కాపాడారు.

తల నేలకు తగిలినప్పటి లోహపు చప్పుడు మాత్రం సరైనదే. ఎందుకో తెలియాలంటే నెదర్లాండ్స్ వాళ్ళ పరిశోధన ఒకటి చెప్పాలి. కరిగిన బంగారం గొంతులో పోసి చంపారన్న కథలు చరిత్రలో చాలా ఉన్నాయి. క్రీస్తు పూర్వం 53లో ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియన్ల చేతిలో ఓడిన రోమన్ ధనవంతుడు క్రాసస్ నోట్లో అలా పోశారని రోమన్ చరిత్రకారులు రాశారు. 1599లో ఈక్వడార్ ప్రాంతంలో బంగారం మీద పన్నులు వేసిన స్పెయిన్ అధికారి ఒకరిని అక్కడి జీవారో జనం ఇలాగే చంపారని ఇంకో కథ. పేగులు పగిలేదాకా పోశారట. అది సాధ్యమేనా అని 2003లో ముగ్గురు డచ్ పరిశోధకులు ఒక వైద్య పత్రికలో రాశారు. కబేళా నుంచి పశువు స్వరపేటిక తెచ్చి, కింది వైపు కాగితం ఉండతో మూసి, సుమారు 450 డిగ్రీల సీసం 750 గ్రాములు పోశారు. వెంటనే రెండు వైపులా ఆవిరి చిమ్మింది. ఆ కాగితం ఉండ విసురుగా ఎగిరిపోయింది. పది సెకన్లలో సీసం గడ్డకట్టి గొంతు మొత్తం నిండిపోయింది. తల మీద 3 మిల్లీమీటర్ల పొరగా పరుచుకున్న బంగారం కూడా అలాగే త్వరగా గడ్డకడుతుంది. అందుకే ఆ చప్పుడు నిజం.

ఈ ఆవిరి సంగతి చదివి వినిపిస్తే నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చెమ్మే. నేను ఆ పొద్దు నుంచి అదే చెప్తాండా" అన్నాడు.

కనుమ నాడు మావాడు ఊదుగొట్టం పట్టాడు. నాయన కుంపటి అటక మీద నుంచి దించి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు దుకాణాల్లో అందరూ గ్యాసు మంటే వాడుతున్నారు. అదే 11 గ్రాముల వెండి ముక్క, మూసలో కొంచెం వెలిగారం. వాడు మొదట బుగ్గలు నిండా గాలి పట్టి ఒకేసారి ఊది దగ్గాడు. ముక్కుతో పీలుస్తూ బుగ్గల్లోంచి ఊదడం నాయన నేర్పించాడు. బొగ్గులు దానిమ్మ రంగుకు వచ్చాయి. మూస కూడా ఎర్రబడింది. వెండి కదల్లేదు. "ఊదు, ఊదు" అని నాయన పక్కన నిలబడి అంటూనే ఉన్నాడు. తంగేడు రంగు వచ్చింది. ముక్క అంచులు గుండ్రమయ్యాయి, తర్వాత ఒక్కసారిగా మొత్తం చేరి ఉండలా మూసలో తిరిగింది, అద్దంలా.

వాడు ఎగిరి గంతేసినంత పని చేసి, పటకారుతో మూస ఎత్తబోయాడు. నాయన వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"అచ్చు కాచినావా?"